పదకొండు మంది నూకరత్నాలు

తొంభై ఒకటి తూకం ఉన్న గూడు తెరుచుకుంది. మరిడేశ్వరి అద్దం మీద వేలు ఆనించి దోషం చదివింది. నీలశిఖరం, ముప్పై నాలుగో అంతస్తు, తూర్పు తలుపు. వినియోగదారు పేరుకు ముందు 'ఆచార్య' అనే బిరుదు ఉండాలి, లేదు. మూడు రోజుల్లో పద్నాలుగు ఫిర్యాదులు. ఆమె బిరుదు చేర్చింది. గూడు పచ్చబడి మూసుకుంది.

తర్వాతది ఎనభై తొమ్మిది. అదే మేడ, ఇరవై రెండో అంతస్తు. సాయంత్రం పళ్లెం మీద అంటించే చీటీలో ఇంటి కుక్క పేరు రావడం లేదు. కుటుంబ సభ్యుల వరుసలో దానికి చోటు కావాలి. ఆమె చోటు చేసింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే గూడు మూసుకోదు కనుక కుక్కకు ఆ ఇంటిపేరే తగిలించింది.

పక్క కుర్చీలోంచి లోవకుమారి తొంగి చూసింది.

“ఓలమ్మో, కుక్కకి ఇంటిపేరు కూడా పెట్టేసినావేటే? గోత్రం అడగలేదా?”

“అడిగితే అదీ రాస్తాను. ఫిర్యాదు చెయ్యగలిగిన కుక్క. అదృష్టవంతురాలు.”

“నీకు పొద్దున్నే ముక్కు మీదుంది కోపం. పిల్లోడు పడుకోలేదా?”

“లేదు.”

పడుకోలేదు. నిన్న పనివాళ్ల పిల్లల్ని చూసుకునే ఊయలగదిలో వాడికి ఎండసూది వేశారు. రాత్రంతా తొడ వాచి, ఒళ్లు కాలిపోయి, చంక దిగకుండా ఏడ్చాడు. తొమ్మిది నెలల పిల్లాడికి అంత సూది అవసరమా అని ఆమె ఆ సూదినీ, దాన్ని కనిపెట్టినవాళ్లనీ తిట్టుకుంది. రేపటి నుంచి మంటవారం. ఏడాది నిండని ఒంటికి ఆ సూది పన్నెండు గంటల ముందు పడకపోతే ఆ వేడిని ఆ ఒళ్లు తట్టుకోదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే తిట్టింది.

శుద్ధిశాలలో డెబ్బై కుర్చీలు. ప్రతి కుర్చీ ముందు ఒక అద్దం. నగరంలోనూ చుట్టూ ఉన్న పునరావాసాల్లోనూ బతికే పద్దెనిమిది లక్షల మంది పేర్లూ చిరునామాలూ ఆ అద్దాల వెనక గూళ్లలో ఉంటాయి. గూడు సరిగ్గా ఉంటే గాలిబండి నీళ్లు తెస్తుంది, తిండి తెస్తుంది, మందు తెస్తుంది. గూడు చెడితే బండి సగం దారిలో వెనక్కి తిరుగుతుంది. రోజూ ఎన్నో చెడతాయి. అన్నిటినీ బాగుచేసే చేతులు లేవు. అందుకని యంత్రం ఒక్కో రకం దోషానికి నూటికి ఇంత అని తూకం కడుతుంది. ఆ రకం మీద ఎన్ని ఫిర్యాదులు వస్తే అంత తూకం. పావుగంటకోసారి తూకాలు మారతాయి. అరవై దాటినవే కుర్చీల ముందు తెరుచుకుంటాయి. మిగిలినవి దిగువ జాబితాలో పడి ఉంటాయి, చూడొచ్చు, ముట్టుకోకూడదు. నెలాఖరు రోజు సాయంత్రం ఐదింటికి ముద్ర పడేటప్పుడు వాటినన్నిటినీ యంత్రమే ఒక్క ఊపున సర్దేస్తుంది.

ఈ రోజు నెలాఖరు. గోడ మీద పెద్ద బోర్డు 99.2 చూపిస్తోంది. నిర్దోష శాతం. ఆ అంకె కింద ఒక చిన్న పచ్చదీపం.

మరిడేశ్వరి చదువు తొమ్మిదో తరగతిలో, వాళ్ల రేవును సముద్రం మింగిన ఏడాది, ఆగిపోయింది. అయినా ఈ కుర్చీ దొరికింది. 'రాములోరి పందిరి వెనక, పీతల సూరయ్య ఇంటికి ఎదురుగా' అని రాసిన చిరునామాను చదివి అది ఏ సందో చెప్పగలిగేది ఆ డెబ్బై మందిలో ఆమె ఒక్కతే. కుర్చీతో పాటు కొండ దిగువన ఒక గది, ఆ గదికి ధ్రువపడిన తలుపు, అంటే ఫిర్యాదు చేసుకోగల చిరునామా, వచ్చాయి. ఆ తలుపు వల్లే పిల్లాడికి సూది అందరికన్నా ముందే వచ్చింది. కుర్చీ పోతే తలుపు పోతుంది. భర్త సముద్రపు గోడ పనిలో ఉన్నాడు; రెండు నెలలకోసారి వస్తాడు. ఆ తలుపును కాపాడుకోవడమే ఆమె రోజూ చేసే అసలు పని.

టీ విరామంలో అందరూ లేచారు. ఆమె లేవలేదు. దిగువ జాబితా తెరిచి, అలవాటుగా తన వైపు పునరావాసాల పేర్లు చూసుకుంటూ పోయింది. ఒక చోట వేలు ఆగింది.

పాతరేవు పునరావాసం. పద్నాలుగో షెడ్డు. నూకరత్నం, స్త్రీ, పుట్టినరోజు ఈ ఏటి కొత్త అమావాస్య. పదకొండు గూళ్లు. దోషం: జంట. ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే తలుపు. తూకం: నాలుగు. చర్య: పదకొండింటినీ ఒకటిగా కలపాలి, ముద్రవేళ. రాత్రి బండిలో సరుకు: ఎండసూది, ఒకటి.

ఆమె మళ్లీ చదివింది. తల్లి పేరు గడి పదకొండింటిలోనూ ఖాళీగా ఉంది.

యంత్రం దృష్టిలో ఎవరో ఒక పసిపిల్ల పేరు పొరపాటున పదకొండు సార్లు ఎక్కింది. కానీ మరిడేశ్వరికి ఆ రేవు వాళ్లు తెలుసు. వాళ్లకు నూకాలమ్మ ఇలవేల్పు. ఒకే షెడ్డులో పదకొండు మంది నూకరత్నాలుండటం వాళ్లలో వింత కాదు. కిందటేడు మంటవారంలో ఆ షెడ్లలో ఎంతమంది పసివాళ్లు పోయారో ఏ బోర్డు మీదా లేదు. లెక్కలో ఒక్కరే ఉంటే, పోయేదీ లెక్కకు ఒక్కరే.

ఆమె లేచి పర్యవేక్షకుడి గాజుగదిలోకి వెళ్లింది. జోగినాయుడు చెడ్డవాడు కాదు. పదిహేనేళ్లుగా ఈ శాలలో ఉన్నాడు. ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా సెలవిస్తాడు. అతని కష్టమంతా బోర్డు మీది అంకె.

“సార్, ఇది తప్పు. వీళ్లు పదకొండు మంది పిల్లలు.”

జోగినాయుడు చూశాడు. “తూకం నాలుగమ్మా ఇది. మన చేతికి రాదు.”

“రాదు కాబట్టే మీ దగ్గరికొచ్చాను. పదకొండు మందికి ఒక్క సూది వెళ్తోంది. రేపు మంటవారం.”

“ఒక్క ఫిర్యాదైనా ఉందా?”

“రెండు నెలల పిల్లలు ఫిర్యాదు చేస్తారా సార్?”

“తల్లులు చెయ్యొచ్చు కదా.”

“ఫిర్యాదు పెట్టె తలుపు సంఖ్య అడుగుతుంది. వాళ్ల షెడ్డు తలుపు ధ్రువపడలేదు. ధ్రువపడాలంటే ముందు ఫిర్యాదు చెయ్యాలి. ఈ నిబంధన రాసినాయన ఇంటికి తలుపు లేకుండా చెయ్యాలి, అప్పుడు తెలుస్తుంది.”

“మెల్లిగా, మరిడమ్మా. గోడలు కూడా అద్దాలే ఇక్కడ.” అతను గడ్డం గోక్కున్నాడు. “రుజువు తే. పిల్లల అసలు తేదీలు, తల్లుల పేర్లు. పైకి పంపుతాను. అంతకన్నా నా చేతిలో ఏం లేదు.”

మధ్యాహ్నం భోజన విరామం నలభై నిమిషాలు. పాలిచ్చే తల్లులకు ఇంకో అరగంట పాలవిరామం. ఆమె ఊయలగది తలుపు దాకా వెళ్లి, ఆయమ్మకు సీసా చేతికిచ్చి, లోపలికి చూడకుండా వెనక్కి తిరిగింది. వాడి ఏడుపు మెట్ల మలుపు దాకా వెంటపడింది. తీగబండి ఎక్కి కొండ పక్కన దిగేసరికి రవిక ముందు భాగం తడిసిపోయింది. కొంగు చుట్టుకుని నడిచింది.

పద్నాలుగో షెడ్డుకు ఒకే తలుపు. లోపల నలభై కుటుంబాలు పాత చీరలు తాళ్లకు కట్టి గదులు చేసుకున్నాయి. రేకు కప్పు అప్పటికే సెగలు కక్కుతోంది. తలుపుకు దగ్గరగా, కాస్త గాలి తగిలే చోట, ఉయ్యాలలన్నీ ఒక వరుసలో వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒక ముసలామె తాటాకు విసనకర్రతో ఒక్కో ఉయ్యాలకు నాలుగు ఊపులు విసురుతూ తిరుగుతోంది. ఒక పిల్ల ఆమె చంకలో ఉంది.

“ఎవులమ్మీ నువ్వు?”

“పక్క రేవు సూరప్పడి కూతుర్ని, మామ్మా. శుద్ధిశాలలో పని చేస్తన్నాను. పిల్లల సూది గురించి వచ్చినాను.”

“రా తల్లీ, రా. రేత్రికి బండొస్తాదన్నారు. అందుకే గుంటపిల్లల్నందర్నీ ఈ కొసకి జరిపేసినాం, సూదేసేవోళ్లకి ఎతుక్కోకుండా. పదకొండు మంది.”

“పదకొండు రావు మామ్మా. ఒక్కటే వస్తాది.”

విసనకర్ర ఆగింది. చీరల వెనకనుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. తడిచేతులవాళ్లు, వలతాడు భుజాన ఉన్నవాళ్లు, ఒకామె నోట్లో ఇంకా అన్నం ముద్ద ఉంది.

“ఒక్కటేటి? ఎవుల గుంటకి?” ముందుకొచ్చినామె పేరు గౌరి. రవిక మీద పాల మరకలు.

“ఎవులకో యంత్రానికే తెలీదు. అందరికీ నూకరత్నమే రాయించినారు, అందరికీ కొత్త అమావాస్యే రాయించినారు. దానికి మీ పదకొండు మందీ ఒక్క గుంట. ఎందుకు రాయించినారలాగ? బుద్ధుందా మీకు?”

“నోరు కడుక్కో,” అంది ముసలామె. అరవలేదు. “మా రేవు మునిగింది. అమ్మ గుడి మునిగింది. జాతర సెయ్యడానికి మాకు జానెడు నేల లేదు. రేవు పోయినంక మా షెడ్డులో పుట్టినోళ్లందరూ ఆడగుంటలే. అది అమ్మే అనుకున్నాం. గుడి కట్టలేము, గుంటల్నైనా అమ్మకిచ్చేద్దామని ఒట్టు పెట్టుకున్నాం. అమ్మ పేరు, అమ్మ జాతర రోజు. అందులో తప్పేటుంది?”

“తప్పు లేదు. సూది కూడా లేదు. పేరు పక్కన ఇంట్లో పిలిచే పేరైనా రాయించొచ్చు కదా.”

“సర్కారు కాయితం మీద అమ్మ పేరుకి పిలుపు పేరు అతికిత్తామేటి? పెట్టినోడి సెయ్యి పడిపోద్ది.”

“పోనీ తల్లి పేరు? దానికో గడి ఉంది. అందులో మీ పేర్లు పడితే చాలు, అమ్మకేం తక్కువ కాదు, ఒట్టూ పోదు. అదీ ఖాళీగా వదిలేసినారే?”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“గడా?” అంది గౌరి. “ఆ రాసుకెళ్లినోడు మాకు ఏ గడీ సూపించలేదప్పా. షెడ్డులోకే రాలేదు. తలుపు కాడ ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడి, పేరేటి, తేదీ ఏటి అనేసి పోయినాడు. మా పేర్లు అడగనేలేదు.”

మరిడేశ్వరికి ఇంతసేపూ ఈ ఆడవాళ్ల మీద ఉన్న కోపం ఒక్కసారిగా దిక్కు మార్చుకుంది. ఉయ్యాల పక్కన పడి ఉన్న మందుల అట్టపెట్టెను చింపి, లోపలి తెల్ల భాగం మోకాలి మీద పెట్టుకుంది.

“చెప్పండి. అసలు ఎప్పుడు పుట్టినారు? పేర్లు మార్చను. తేదీలు చెప్పండి, తల్లుల పేర్లు చెప్పండి.”

ఆడవాళ్లు ముసలామె వైపు చూశారు. ఆమె చంకలో పిల్లను పైకి ఎగదోసుకుంది.

“గుంటలుంటేనే గదా అమ్మకి జాతర. సెప్పండే,” అంది.

తేదీలు ఎవరికీ తేదీలుగా గుర్తు లేవు. గౌరి గుంట గాలివాన పోయిన మూడోనాడు. దాలమ్మ గుంట రేషన్ బండి బోల్తా పడ్డ మర్నాడు, లక్ష్మివారం. ఇంకో గుంట పౌర్ణమి పోటుకి, తెల్లారకట్ల. ఒకామె చెబుతుంటే ఇంకొకామె అడ్డుపడేది: “కాదే, ఆరోజు నీకింకా నొప్పులే రాలేదు, నా కాడికొచ్చి గంజి తాగెల్లినావు.” “నీ గంజి వల్లే వచ్చినాయే నొప్పులు.” ఆ సెగలో కూడా ఎవరో నవ్వారు. మరిడేశ్వరి శాల ఇచ్చిన చేతిపట్టీలో వారాలూ తిథులూ సరిచూసుకుంటూ ఒక్కొక్కటీ తేదీగా మార్చి రాసింది. పది అయ్యాయి.

“ఈ చంకలో పిల్ల?”

“దీనమ్మ పోలమ్మ. మొన్న తొమ్మిదో షెడ్డు కూలిపోతే ఇక్కడికొచ్చింది. ఇక్కడికొచ్చినంకే రాయించినాం. నీళ్ల వరసకి ఎల్లింది, సాయంత్రానికి గానీ రాదు. ఎప్పుడు పుట్టిందో మాకు తెల్దు.”

మరిడేశ్వరి పిల్లను ఎత్తుకుంది. బరువుగా ఉంది. పాలవాసన తగిలి అది ఆమె రవిక వైపు తల తిప్పి, కింది చిగురు మీద ఉన్న రెండు పళ్లతో కొంగు కొరికింది. కూర్చోవడానికి వ్యవధి లేదు. నిలబడే ఉన్న చోట, తీగబండి గంట మోగేదాకా, ఆ పిల్లకు పాలిచ్చింది.

ఆమె శాలకు తిరిగొచ్చాక జోగినాయుడు అట్టముక్కను తిప్పి తిప్పి చూశాడు. పైకి పంపాడు. జవాబు రావడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. 'మౌఖిక ఆధారం. తూకం 4 దోషానికి ఆసుపత్రి పత్రం తప్పనిసరి. తదుపరి పరిశీలన: వచ్చే నెలాఖరు.'

“చూశావుగా,” అన్నాడు.

“పొద్దున ఒకాయన పేరు ముందు ఆచార్య అని చేర్చాను సార్. ఆయన ఎక్కడ చదివాడో, ఏం చదివాడో యంత్రం అడగలేదు. నేనూ అడగలేదు. కాగితం ఏది?”

“అది తొంభై దాటిన తూకం. తొంభై దాటితే శుద్ధికారిణి మాట చాలు. నీకు తెలిసిందే.”

“అంటే నా మాట మంచిదే. ఎవరి గురించి అన్నదే తేడా.”

“నాకు ఉపన్యాసం ఇవ్వకు. నీకూ ఓ పిల్లాడున్నాడు, నీ తలుపు చూసుకో.” అతని గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే ఆమె కోసం చెప్పాడు. అందువల్ల అది మరీ మండింది.

నాలుగు గంటలు. ఆమె తన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎండసూది వేయని ఒళ్లు మంటవారం రెండో రోజు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ముందు ఏడుపు ఆగిపోతుంది. చెమట ఆగిపోతుంది. తల్లి, పిల్ల చల్లబడిందనుకుంటుంది.

తూకం పెరగాలంటే ఫిర్యాదులు కావాలి. షెడ్డు నుంచి రావు. మరి ఎక్కడి నుంచి వస్తాయి?

జంటదోషం షెడ్లలోనే లేదు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మేడల్లోనూ ఉంది. ఒకే పేరు, ఒకే తలుపు. తేదీలు వేరు కనుక యంత్రం తనంతట తాను కలపదు. పైగా శిఖరాల ఇళ్ల చుట్టూ ఒక కంచె ఉంటుంది, యంత్రం అటు పోదు. శుద్ధికారిణి చెయ్యి మాత్రం పోగలదు. అందుకు ఒక కారణం ఎంచుకోవాలి. జాబితాలో నాలుగోది: జంట.

ఆమె నీలశిఖరం తెరిచింది. తాతా మనవళ్లు ఒకే పేరుతో ఉన్న ఇళ్లు నలభై మూడు. ఒక్కో ఇంటికీ సాయంత్రం బండిలో ఏం వెళుతోందో ముందు చూసింది. గుండె మాత్రలు, చక్కెర మందు, ఊపిరిగొట్టం. అలాంటివి ఉన్న ఇళ్లను వదిలేసింది. పదిహేడు పోయాయి. మిగిలినవి ఇరవై ఆరు. మంచుపండ్లు. బాల్కనీ మొక్కలకు మంచినీళ్లు. పుట్టినరోజు కేకు. ఈతకొలను పరిమళం. అది చూశాక వేలు అద్దం మీద ఆనించింది.

మొదటి ఇల్లు. తాతను మనవడిలో కలిపింది. కారణం: జంట. రెండో ఇల్లు.

“ఏటి సేత్తన్నావే?” లోవ గొంతు తగ్గించింది.

“పని.”

“పిచ్చిగానీ పట్టిందా? ఆ కంచె దాటితే నీ చెయ్యి గుర్తు పడతాది. కుర్చీ పోద్ది. తలుపు పోద్ది. పిల్లోడు...”

“పిల్లోడికి నిన్న సూది పడింది. నువ్వటు చూడు లోవా. నువ్వేమీ చూడలేదు.”

లోవ అటు చూడలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇరవై ఆరో ఇంటి దాకా చూసింది.

నాలుగూ పదికి మొదటి ఫిర్యాదు పడింది. మా తాతగారి పళ్లెం రాలేదు. ఆ తర్వాత ఆగలేదు. ఆ ఇంట్లో ఫిర్యాదు చెయ్యడానికి తాత పేరు పోయినా తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, అత్త ఉంది, అందరి చేతుల్లోనూ ఫిర్యాదు పెట్టె ఉంది, అందరికీ ధ్రువపడిన తలుపుంది. మా ఇంటి పెద్దాయనను రికార్డులో లేకుండా చేశారు. ఇదెంత అవమానమో మీకు తెలుసా. మనిషి బతికుండగా పేరు తీసేస్తారా.

తీసేస్తారు, అనుకుంది మరిడేశ్వరి. రోజూ తీసేస్తారు.

నాలుగుంబావుకు జంటదోషం తూకం ముప్పై ఒకటి. నాలుగున్నరకు యాభై ఎనిమిది. పక్క శిఖరాలవాళ్లకు కబురు తెలిసి, ఏమీ కానివాళ్లు కూడా ముందు జాగ్రత్తగా ఫిర్యాదు చేశారు. నాలుగూ నలభై అయిదుకు తొంభై ఏడు. బోర్డు మీద పచ్చదీపం ఎర్రబడింది. 99.2 కాస్తా 71కి జారింది. యంత్రం తన నిబంధన ప్రకారమే ముద్రవేళ జంట కలిపివేతలన్నిటినీ ఆపి, నగరంలోని జంటగూళ్లన్నిటినీ డెబ్బై అద్దాల మీదికి ఒక్కసారిగా కుమ్మరించింది. ఐదింటిలోగా చేతితో సరిచేసినవి నిలుస్తాయి. మిగిలినవి రాత్రి బండి ఎక్కవు.

గాజుగది తలుపు తెరుచుకుంది. జోగినాయుడు పరిగెత్తుతూ వచ్చాడు. వెనక కాపలాదారు.

“నువ్వేనా?”

“నేనే సార్.”

“ఎందుకమ్మా...” అని ఆగిపోయాడు. ఎందుకో అతనికి తెలుసు. “నీ పట్టీ తియ్యమని పైనుంచి వచ్చింది. లే.”

ఆమె లేచింది. కాపలాదారు ఆమె చేతి పట్టీ విప్పాడు. మణికట్టు దగ్గర తెల్లటి చార మిగిలింది. ఆమె అద్దం నల్లబడింది.

“సార్!” లోవ గొంతు శాలంతా వినిపించింది. “నా అద్దంలో నూకరత్నం పడింది. పద్నాలుగో షెడ్డు. తల్లి గడి ఖాళీ, తేదీ తప్పు. ఏటి రాయను?”

“నాకూ పడింది,” అంది మూడో వరుసలో ఎవరో. “ఇదే పేరు.”

“నాకు రెండు.”

జోగినాయుడు గడియారం చూశాడు. నాలుగూ నలభై తొమ్మిది. “కాగితం...” అన్నాడు, అలవాటుగా.

“తొంభై ఏడు సార్,” అంది మరిడేశ్వరి. “తొంభై దాటితే శుద్ధికారిణి మాట చాలు. వాళ్ల చేతులకు పట్టీలున్నాయి. నేను చెప్తాను, వాళ్లు రాస్తారు. ఆపాలంటే ఆపండి. పదకొండు మంది పిల్లల పేర్లు నేను చెబుతుంటే మీరు ఆపారని వీళ్లంతా చూస్తారు.”

శాలలో వేళ్ల చప్పుడు ఆగిపోయింది. డెబ్బై మందిలో చాలామంది తల్లులు. జోగినాయుడు వాళ్ల వైపు చూడలేదు. కాపలాదారు వైపు తిరిగి, “రెండు నిమిషాలు బయట నిలబడవయ్యా. ఈవిడ వస్తువులేవో సర్దుకోవాలి,” అన్నాడు. తర్వాత ఎర్రబోర్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆమె అట్టముక్క తీసింది. చెమటకు సిరా అలుక్కుపోయింది గానీ చదవగలిగింది. కుర్చీ ఎక్కి నిలబడింది.

“రాయండి. మొదటి నూకరత్నం. తల్లి గౌరి. నవంబరు పన్నెండు.”

“రాశాను!”

“రెండో నూకరత్నం. తల్లి దాలమ్మ. జనవరి ఆరు.”

“ఆఁ, అయింది.”

ఒక్కో పేరుకూ ఒక్కో మూల నుంచి జవాబు వచ్చింది. వేరే పునరావాసాల జంటగూళ్లు పడినవాళ్లు కూడా ఎవరికి తెలిసినవాళ్లను వాళ్లు కేకేసి అడగడం మొదలుపెట్టారు. పదిహేనేళ్లలో ఆ శాలలో అంత గోల ఎన్నడూ లేదు. పది అయ్యేసరికి నాలుగూ యాభై ఎనిమిది.

“పదకొండోది నా కాడుందే,” అంది లోవ. “తల్లెవులు?”

“పోలమ్మ.”

“తేదీ?”

మరిడేశ్వరి అట్టముక్క చూసింది. అక్కడ ఏమీ లేదు. సూది మోతాదు వయసును బట్టి పోస్తారు. తేదీ తప్పయితే మోతాదు తప్పుతుంది. తేదీ లేకపోతే సూదే రాదు. ఆమె చంకలో ఆ పిల్ల బరువు ఇంకా ఉంది. కొంగు మీద ఆ రెండు పళ్ల గుర్తులు ఉన్నాయి. ఆ బరువు ఎన్ని నెలలదో ఆమె ఒళ్లు ఎరుగును. రోజూ మోస్తున్న బరువే.

“ఆగస్టు పంతొమ్మిది,” అంది.

లోవ వేలు అద్దం మీద ఆగిపోయింది. ఆ తేదీ ఆమెకు తెలుసు. ఆ రోజు ఆసుపత్రి వసారాలో పొద్దున్నించీ పొద్దుగూకేదాకా మరిడేశ్వరి చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆమే.

“మరిడీ, అది మీవోడిది.”

“రాయవే.”

లోవ రాసింది. గూడు ఒక క్షణం ఆలోచించింది, ఆ తర్వాత పచ్చబడి మూసుకుంది. కింద సరుకు వరుసలో అంకె మారింది. ఎండసూదులు: పదకొండు.

ఐదు గంటల గంట మోగింది. మరిడేశ్వరి కుర్చీ దిగి, ఊయలగది మెట్లవైపు నడిచింది.